నిద్రలో వేసుకునే బూట్లు

డాక్టర్ వనజ ఆసుపత్రి తెరిచిన మొదటి నెలలో గుమ్మం తొక్కినవాళ్ళంతా ముసలివాళ్ళే. కాశీబుగ్గ బజారు వెనక సందులో, ఒకప్పుడు జీడిపప్పు గోదాముగా ఉన్న మూడు గదుల్ని తీసుకుని, సున్నం కొట్టించి, 'చిన్నపిల్లల ఎముకల డాక్టరు' అని అడుగెత్తు అక్షరాలతో బోర్డు పెట్టించింది. జనానికి అందులో 'ఎముకలు' ఒక్కటే కనిపించింది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, నడుం వంగనివాళ్ళు బారులు తీరారు. అందులో సగం మందిని తోలుకొచ్చింది స్వయానా ఆమె తండ్రే. పూండి దగ్గర జీడితోట, కొబ్బరితోట ఉన్న నీలకంఠానికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటా బావలూ మావలే. ఎవరు కుంటుతూ కనిపించినా "మా అమ్మాయి ఎముకల డాక్టరు, పద, సూత్తాది" అని బండెక్కించేసేవాడు.

"నాన్నా, నేను చూసేది పిల్లల్ని" అని వనజ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"పిల్లలకి ఎముకల జబ్బులేటే? మెత్తగా ఉంతాయి కదా. ముదిరితే కదా నొప్పులొచ్చేది" అన్నాడాయన, ఆమెకే పాఠం చెబుతున్నట్టు.

ఆయన్ని అని లాభం లేదు. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఈ ఉద్దానంలో పెద్ద డాక్టరంటే కిడ్నీల డాక్టరే. పిల్లకి కాలు వంకరగా ఉంటే అది జబ్బు లెక్కలోకే రాదు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందంటారు, సర్దుకోకపోతే దేవుడి రాతంటారు. వనజ విశాఖలో చదువుకునే రోజుల్లో ఈ ప్రాంతం నుంచే పదహారేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. పుట్టుకతోనే పాదం లోపలికి మెలి తిరిగిపోయి, అరికాలు ఆకాశంకేసి చూస్తుంటే, పాదం పైభాగాన్ని నేలకి ఆనించి నడుస్తోంది. అక్కడ చర్మం మడమలా మొద్దుబారిపోయింది. ఆ వయసులో చేయగలిగిందల్లా ఎముక కోయడమే. అదే పాదాన్ని పుట్టిన మూడు వారాలకి ఎవరైనా చేతిలోకి తీసుకుని ఉంటే, కత్తితో పెద్దగా పని లేకుండానే తిరిగిపోయేది. ఆ పిల్ల వెళ్ళిపోయాక వనజకి దుఃఖం కంటే ఎక్కువగా కోపం వచ్చింది. పిల్లల ఎముకల వైద్యం నేర్చుకోవడానికి కోయంబత్తూరులో రెండేళ్ళు ఉన్నదీ, విశాఖలో ఉద్యోగం ఇస్తామన్నా కాదని పలాస రైలెక్కిందీ ఆ కోపంతోనే.

పిల్లలు తన దగ్గరికి రాకపోతే తనే పిల్లల దగ్గరికి పోవాలని తేల్చుకుంది. స్కూటీ తీసి వజ్రపుకొత్తూరు నుంచి టెక్కలి దాకా ఉన్న నర్సుల్ని, ఆశా కార్యకర్తల్ని ఒక్కొక్కరినే కలిసింది. ఫోన్లో వంకర పాదం ఫొటో చూపించి, "ఇలాంటి పాదం కనిపిస్తే నెల ఆగకండి, అదే రోజు నాకు ఫోన్ చెయ్యండి" అని చెప్పింది. కొందరు తలూపారు, కొందరు ఈవిడకి పనిలేదనుకున్నారు. అక్కుపల్లి ఆశా కార్యకర్త రత్నాలమ్మ మాత్రం ఊరికే తలూపే మనిషి కాదు. సెప్టెంబరులో ఒక ఉదయం ఆటో నిండా జనంతో దిగింది. పద్దెనిమిది రోజుల పసిపిల్ల, తల్లి మంగ, నాయనమ్మ బంగారమ్మ, తోడుగా మరో ముగ్గురు.

పిల్ల పేరు యామిని. కుడిపాదం సరిగ్గా ఆ ఫొటోలో ఉన్నట్టే ఉంది. తండ్రి యువరాజు చేపల వేటకని ఆగస్టులోనే గుజరాత్ వెళ్ళిపోయాడు, పిల్లని ఇంకా కళ్ళతో చూడలేదు. ఇంటి పెత్తనం బంగారమ్మది. పిల్ల పాదాన్ని వనజ వేళ్ళతో మెల్లగా పక్కకి జరుపుతుంటే ఆవిడ రెప్ప వెయ్యకుండా చూసింది.

"కోత్తారా?"

"కొయ్యను. వారానికొకసారి ఇలా కొంచెం కొంచెం తిప్పి, సిమెంటు కట్టు వేస్తాను. ఆరు వారాలు. చివర్లో మడమ వెనక చిన్న గాటు. అంతే."

"కట్టున్నన్నాళ్ళూ తానం?"

"కాలు తడవకూడదు. తడిగుడ్డతో తుడవడమే."

బంగారమ్మ ముఖం మాడిపోయింది. చాచిన కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకుని, నూనె రాసి, వేడినీళ్ళు పోయడం ఆవిడ హక్కు. ఆ ఊళ్ళో సగం మంది ఆవిడ కాళ్ళ మీదే పెరిగారు. అయినా నోరు విప్పి కాదనలేదు. ఆరు వారాలూ సోమవారం పొద్దున్నే మొదటి ఆటోకి మంగతో పాటు వచ్చింది. వారం వారం పాదం రవ్వంత రవ్వంత తిరిగింది. ఆరో కట్టు విప్పాక వనజ మత్తు సూదేసి, మడమ వెనక బిగుసుకున్న నరాన్ని సన్నని గాటుతో వదులు చేసింది. ఆఖరి కట్టు మూడు వారాలుంచి తీసేసరికి కుడిపాదం ఎడమపాదానికి అచ్చంగా జోడులా ఉంది. మంగ ఆ పాదాన్ని చెంపకి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు.

అప్పుడు వనజ బూట్లు ఇచ్చింది. రెండు చిన్న తోలు బూట్లు, వాటిని కలుపుతూ మూరెడుకి తక్కువ ఇనపకర్ర. పాదాలు రెండూ బయటికి తిరిగి ఉండేలా ఆ కర్ర పట్టి ఉంచుతుంది. అవి లేకపోతే పాదానికి పాత బుద్ధి పోదు, మళ్ళీ లోపలికి తిరుగుతుంది. మొదటి మూడు నెలలూ రోజుకి ఇరవైమూడు గంటలు, ఆ తర్వాత నాలుగేళ్ళు వచ్చేదాకా నిద్రలో వెయ్యాలి. వనజ ఒక బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి, ఎలా తొడగాలో, పట్టీలు ఎలా బిగించాలో చూపించింది. మంగ అన్నిటికీ తలూపింది.

డిసెంబరులో వచ్చినప్పుడు పాదం బాగానే ఉంది. ఫిబ్రవరిలో చూసేసరికి అది మళ్ళీ దారి తప్పింది. మడమ పైకి లేచింది, మునివేళ్ళు లోపలికి తిరిగాయి.

"బూట్లు వేస్తున్నారా?"

"యేత్తన్నామమ్మా" అంది మంగ.

"అబద్ధం చెప్పకు. పాదమే చెబుతోంది. అంత కష్టపడి తిప్పిన కాలు ఇది. మీకు పట్టదా? పిల్ల రేపు కుంటుతూ తిరిగితే ఎవరిది తప్పు?"

గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది, కానీ ఆపుకోలేదు. బయట కూర్చున్నవాళ్ళంతా లోపలికి తొంగిచూశారు. మంగ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బంగారమ్మ పిల్లని చేతుల్లోకి తీసుకుని లేచింది.

"మా పిల్ల కాలు మాకు బరువేటి? మీరు సెప్పినట్టే సేసినాం" అని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. తర్వాతి సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

బదులుగా గుజరాత్ నుంచి ఫోనొచ్చింది. యువరాజు మర్యాదగానే మాట్లాడాడు. "ఏటనుకోకండి మేడం. జూన్‌లో ఇక్కడ వేట ఆగిపోతాది, ఇంటికొచ్చేత్తాను. అప్పుడు పిల్లని ఇశాపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ సేయించేత్తాను. కట్లూ బూట్లూ సాలు."

ఆ ఆపరేషన్ గురించి వనజకి తెలుసు. పాదాన్ని పూర్తిగా తెరిచి, బిగుసుకున్నవన్నీ కోసి, నిటారు చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. కానీ లోపలంతా గట్టిపడి, పాతికేళ్ళు వచ్చేసరికి అడుగు తీసి అడుగు వెయ్యాలంటే నొప్పి. తలమీద గంపతో ఇసకలో నడవాల్సిన ఆడపిల్ల కాలది. విశాఖలో ఉన్న సీనియర్ యుగంధర్‌కి ఫోన్ చేస్తే, "నీ దగ్గరికొచ్చేవాళ్ళతో బూట్లు కుదరవు వనజా. వాళ్ళు మాట వినరు. కోసెయ్యడమే మేలు" అన్నాడు. ఆయన అనుభవం కాదనలేనిది. అయినా ఆ 'వాళ్ళు' అన్న మాట వనజకి చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఆ మధ్యాహ్నం కూర్చుని కాగితాలన్నీ ముందేసుకుంది. బూట్లు ఇచ్చిన పిల్లలు పదకొండు మంది. ఐదుగురికి పాదం వెనక్కి తిరిగింది. నలుగురు సముద్రపొడ్డు ఊళ్ళవాళ్ళు, ఐదో పిల్లాడు లోపలి పల్లె రావివలసవాడు. బాగున్న ఆరుగురూ పలాస, టెక్కలి పట్టణాల్లో ఉండేవాళ్ళు. పట్నంవాళ్ళకి శ్రద్ధ ఉంది, పల్లెవాళ్ళకి లేదు అని సులువుగా ఒక సమాధానం దొరికింది. ఆరు వారాలు తప్పకుండా మొదటి ఆటోకి వచ్చిన బంగారమ్మకి శ్రద్ధ లేదంటే ఎలా నమ్మడం? ఇంకేదో ఉంది. అది ఈ గదిలో కూర్చుంటే తెలిసేది కాదు. జూన్‌కి ఇంకా మూడు నెలల చిల్లర ఉంది. ఈలోగా ఆ పాదాన్ని మళ్ళీ తిప్పి, తిప్పినచోట నిలబెట్టి తీరాలనుకుంది.

ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద అక్కుపల్లి వెళ్ళింది. ఒడ్డున బంగారమ్మ ఇసక మీద చేపలు ఆరబోస్తోంది. డాక్టరమ్మని చూసి కూడా చూడనట్టు వంగే ఉంది. పక్కన వల అల్లుకుంటున్న ఆమె మొగుడు పైడయ్య మాత్రం లేచి, "ఇంట్లోకి పదమ్మా, ఎండగుంది" అన్నాడు.

ఇంట్లోకి అడుగుపెట్టిన వనజ అక్కడే ఆగిపోయింది. శ్లాబు కొక్కేనికి పాత చీరతో ఉయ్యాల కట్టి ఉంది. యామిని అందులో నిద్రపోతోంది. చీర రెండు పక్కల నుంచీ పిల్లని మూసేసి, చిక్కుడుకాయలో గింజలా ఇముడ్చుకుంది. పిల్ల కాళ్ళు రెండూ ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి. గోడకి మేకు, మేకుకి ప్లాస్టిక్ సంచి, అందులో బూట్లు. రోజూ తుడుస్తున్నారేమో, కొత్తవాటిలా మెరుస్తున్నాయి.

"ఇవి ఎప్పుడు వేస్తారు పిన్నీ?" అని అడిగింది వనజ. ఎన్నేళ్ళ తర్వాతో ఆ పిలుపు దానంతటదే వచ్చింది.

చేతులు కడుక్కుని వచ్చిన బంగారమ్మ గడపలో నిలబడింది. "తెలివొచ్చిన కాణ్ణించి పడుకునేవరకూ యేత్తాం. ఒక్క నిమిషం తియ్యం. పడుకున్నప్పుడు తీసేత్తాం."

"పడుకున్నప్పుడే కదా ముఖ్యం."

"సెప్పులేసుకుని ఎవులైనా పడుకుంతారామ్మా?" అంది బంగారమ్మ నిజంగానే తెలియక అడుగుతున్నట్టు. "అందులోనూ ఉయ్యాల్లోనా? ఉయ్యాలకి సెప్పులు తగలనిత్తామా? పోనీ, మీరు సెప్పినారని ఒకరోజు మంగ యేసింది. ఆ కర్ర ఉయ్యాల్లో పట్టదు. అడ్డం తిరిగిపోయి పిల్ల గుక్కపట్టి ఏడిసింది. ఉయ్యాల నేకపోతే ఇది పడుకోదు."

వనజ నేలమీదే చతికిలబడింది. ఐదు నెలల పిల్ల, రోజులో సగానికి పైగా నిద్ర. ఆ నిద్రంతా ఈ చీరలోనే. బాగున్న ఆరుగురూ మంచాల మీద పడుకునే పిల్లలై ఉండాలి. తను కూడా మూడేళ్ళు వచ్చేదాకా అమ్మ చీర ఉయ్యాల్లోనే పడుకుందని ఇంట్లో వందసార్లు విన్నది. అయినా బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి పాఠం చెప్పింది. రోజుకి ఎన్ని గంటలని అడిగింది గానీ, పిల్ల ఎక్కడ పడుకుంటుందని ఒక్కరినీ అడగలేదు. పదేళ్ళు చదివి ఇంత చిన్న సంగతి తోచనందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

"తప్పు నాది పిన్నీ. తిట్టే ముందు అడగాల్సింది" అంది. "మంగా, నిన్ను అందరి ముందూ అలా అన్నాను. మనసులో పెట్టుకోకు."

మంగ తల వంచుకుని చీర కొంగు మెలిపెట్టింది. బంగారమ్మ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"ఉయ్యాల మానిపిద్దామని రాలేదు నేను" అంది వనజ నీళ్ళు తాగి. "ఈ కర్ర పట్టే ఉయ్యాల కావాలి. మూసుకోకూడదు. అడుగు బల్లపరుపుగా ఉండాలి. ఉంతాదా అలాటిది?"

ఆమె నోట ఆ 'ఉంతాదా' వినగానే పైడయ్య ముఖం విప్పారింది. సంచిలోంచి బూట్లు తీసి, కర్రని జానతో కొలిచి, వేలితో గీత పెట్టుకున్నాడు. "ఎందుకుండదూ? వలకి రెండు పక్కలా వెదురు కట్టేత్తే మూసుకోదు."

మొదటి ఉయ్యాల రెండు రోజుల్లో తయారైంది. నైలాను వల, తలవైపు ఒక వెదురు, కాళ్ళవైపు ఒక వెదురు. వనజ పాఠం చెప్పిన బొమ్మకి బూట్లు తొడిగి పడుకోబెడితే, బూటు మొన వల కంతలో చిక్కుకుపోయింది. రెండోదానికి లోపల పాత చీర రెండు మడతలు వేసి కుట్టాడు. అది బాగానే ఉంది గానీ కర్ర ఒక పక్కకి జారిపోయి బొమ్మ ఒరిగిపోయేది. మూడోసారి కాళ్ళవైపు వెదురు తలవైపు దానికంటే జానెడు పొడవు పెట్టాడు. ఈసారి కుదిరింది. బంగారమ్మ పసుపులో ముంచి ఆరబెట్టిన పాతగుడ్డతో రెండు బూట్లకీ తొడుగులు కుట్టింది. "ఇప్పుడివి సెప్పులు కావు" అని తనకి తనే తీర్పు చెప్పుకుంది. వాళ్ళు ఈ పనిలో ఉండగానే వనజ పాదాన్ని మళ్ళీ వారం వారం తిప్పింది. మూడు కట్లతో దారికొచ్చింది. మార్చి నడుమకి యామిని కాళ్ళకి బూట్లు, బూట్లతో ఉయ్యాల.

మొదటి మూడు రోజులూ ఆ ఇల్లు ఇల్లులా లేదు. పిల్ల కాళ్ళు కదలవు, చీర వెచ్చదనం లేదు, ఒకటే ఏడుపు. ఇరుగుపొరుగు వచ్చి తలో మాటా అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం మంగ ఫోన్ చేసింది. "అమ్మా, అందరూ తీసెయ్యమంతన్నారు. నాకూ సూడబుద్ధి కావట్లేదు."

"తియ్యకు. వస్తున్నాను" అని వనజ బయట కూర్చున్న మోకాళ్ళ నొప్పులవాళ్ళని మర్నాడు రమ్మని చెప్పి బయల్దేరింది. వెళ్ళి, చేతులు కడుక్కుని, బూట్ల లోపల వేలు పెట్టి ఎక్కడైనా ఒత్తుకుంటోందేమో చూసింది. పుండు లేదు, కమిలిన మచ్చ లేదు. ఇక మిగిలింది మొండితనమే, పిల్లదీ ఆమెదీ. స్టూలు లాక్కుని కూర్చుని ఉయ్యాల ఊపడం మొదలుపెట్టింది. గుమ్మంలో చేరినవాళ్ళు ఇంత చదువు చదివి ఉయ్యాలూపే డాక్టర్ని వింతగా చూశారు. గంట గడిచింది. భుజాలు లాగేశాయి. మంగ అందుకుంటానన్నా ఇవ్వలేదు. రెండో గంట సగంలో ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది, వెక్కిళ్ళు ఊపిరిలోకి దిగాయి. యామిని రెండు పాదాలూ బయటికి తిప్పుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఆ సాయంత్రం దాకా లేవలేదు.

మిగతా నలుగురి ఇళ్ళకీ అలాగే తిరిగింది. రావివలసలో అప్పలమ్మ అనే ముసలావిడ వల ఉయ్యాలని ఇంట్లోకి రానివ్వనంది. చేపల వాసనొస్తుందని ఆవిడ పట్టు. పైడయ్య ఆ మాట విని నవ్వి, కొబ్బరి తాడుతో అల్లిచ్చాడు. కొత్తగా వచ్చే ప్రతి తల్లినీ వనజ ఇప్పుడు ముందుగా అడిగేది పాదం గురించి కాదు. "పిల్ల ఎక్కడ పడుకుంతాది?" అని. ఆ తర్వాతే బూట్లు బయటికి తీస్తుంది.

జూన్ మొదటి వారంలో యువరాజు వచ్చాడు. రైలు దిగిన రెండో రోజే పెళ్ళాం, తల్లి, పిల్లతో ఆసుపత్రికి వచ్చి, వనజ ఎదురుగా నిలబడ్డాడు. విశాఖ ఆసుపత్రిలో చూపించడానికి రోజు కూడా రాయించుకున్నాడట. ఆ కాగితం జేబులో ఉంది.

"ఒకసారి మీకు సెప్పి ఎల్దామని" అన్నాడు. "అమ్మ ఏడుత్తంది, ఆపరేషన్ ఒద్దంతంది. ఆడోళ్ళకి ఏటి తెలుత్తాదండి."

వనజ వాదించలేదు. అతను తండ్రి, తీసుకెళ్తానంటే ఆపే అధికారం తనకి లేదు. యామిని బూట్లు విప్పి, పిల్లని బల్ల మీద నిలబెట్టింది. తొమ్మిది నెలల పిల్ల వనజ వేళ్ళు పట్టుకుని, రెండు అరికాళ్ళూ బల్లకి పూర్తిగా ఆనించి, మోకాళ్ళు ఊపుతూ నిలబడింది. యువరాజు వంగి చూశాడు. ఫోన్లో మంగ ఎప్పుడూ పిల్ల ముఖమే చూపించేది, కాళ్ళు చూపించడానికి ఆమెకి సిగ్గు. ఇంటికొచ్చాక కూడా కాళ్ళకి ఎప్పుడూ ఆ పసుపు తొడుగులే. అతను కూతురి పాదాల్ని ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు.

చాలాసేపు చూశాక తలెత్తి, "ఏ కాలండి?" అన్నాడు.

వనజ చెప్పబోయింది. బంగారమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

"నువ్వే సూసి సెప్పు" అంది కొడుకుతో.

అతను మళ్ళీ వంగాడు. కుడిపాదం పట్టుకుని చూశాడు, ఎడమపాదం పట్టుకుని చూశాడు. బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టి చూశాడు. కుడి పిక్క కాస్త సన్నమని వనజ కళ్ళకి కనిపిస్తుంది గానీ, మామూలు మనిషికి కనిపించేది కాదు. చివరికి ఎడమపాదం మీద వేలు పెట్టాడు.

"ఇదా?"

మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బంగారమ్మ ఏడుస్తూనే నవ్వింది. యువరాజు ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. అప్పటికి అర్థమైంది అతనికి. జేబులో కాగితం తియ్యలేదు, విశాఖ మాట మళ్ళీ ఎత్తలేదు. బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని బూట్లు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకా ఎన్నాళ్ళండి?"

"నాలుగేళ్ళు వచ్చేదాకా, నిద్రలో. ఒక్క రోజు కూడా మానకూడదు" అంది వనజ.

"పట్టీ ఎలా బిగించాలో నాకు సూపించండి" అన్నాడతను, కూతురి పాదాన్ని అరచేతిలోకి తీసుకుంటూ.